దొంగ నీలిని పాతిపెట్టిన మాలి

దొంగ నీలిని పాతిపెట్టింది సుంకప్పే. అందులో అనుమానం లేదు. పాతిపెట్టిన చోట బోర్డు ఉంది. బోర్డు మీద తేదీ ఉంది. బోర్డుకు పూసిన రంగు సర్కారుది. దాదాపు మూడేళ్ల తర్వాత హెడ్డు కానిస్టేబులు మద్దిలేటి ఆ బోర్డు ముందు నిలబడి టోపీ తీసినప్పుడు, సుంకప్పకు తన మెడకు పడబోయే ఉచ్చు కనిపించలేదు. పోలీసాయన మొక్కకు మర్యాద చేస్తున్నాడనుకుని సంతోషించాడు.

అసలు సంగతి 1957 జూలైలో మొదలైంది.

కళ్యాణదుర్గం దాటి మైసూరు రాష్ట్రం వైపు పోయే రోడ్డు మీద ఎర్రగుండ్లదొడ్డి అనే ఊరుంది. ఊరి బయట ఒక సర్కారు బంగళా. దాని ఆవరణ నిండా గరుసు నేల. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి. ఆ నేలకు మాలి సుంకప్ప. పదకొండేళ్లుగా టెంపరరీ మాలి. ఆరు నెలలకొకసారి అతన్ని పనిలోంచి తీసేసి మర్నాడు మళ్లీ పెట్టుకునేవారు. ఆ పదకొండేళ్లలో బంగళా వాచ్‌మన్ పర్మనెంటు అయ్యాడు. వంటవాడు అయ్యాడు. నాలుగు రోజుల కోసం బోదగడ్డి కప్పి వేసిన వంటపాక కూడా పెంకులు వేయించుకుని పర్మనెంటు అయింది. సుంకప్ప కాలేదు. పర్మనెంటు అయితే బంగళా వెనక ఉన్న రెండు గదుల ఇల్లు అతనిదవుతుంది. కాకపోతే, రేపు కొత్త ఇంజనీరు వచ్చి తన మాలిని తాను తెచ్చుకుంటే, సుంకప్ప మళ్లీ కూలికి పోవాలి. నలభై నాలుగేళ్ల వయసులో అతని నడుము అందుకు ఒప్పుకోదు.

అప్పటి ఇంజనీరు రామకృష్ణయ్య. జీవితమంతా కంకర రోడ్లు వేసిన మనిషి. అందుకేనేమో ఆయనకు పూలంటే పిచ్చి. విదేశాల నుంచి తోటపని పత్రికలు తెప్పించుకునేవాడు. ఒక పత్రికలో నీలం రంగు పూల కంకుల బొమ్మ చూసి మనసు పారేసుకున్నాడు. నీలిమందు మొక్కకు వరసయ్యేదట. కానీ దాన్నుంచి అసలైన నీలిమందు రాదు. అందుకని దాని పేరు ఫాల్స్ ఇండిగో. ఎక్కడెక్కడికో రాసి పన్నెండు గింజలు తెప్పించాడు. వాటిని ఎలా పెంచాలో ఇంగ్లీషులో రాసి, తెలుగు చేసి మాలికి పంపమని గుమాస్తా గురుమూర్తికి ఇచ్చాడు.

గురుమూర్తి ఏ మాటనూ వదిలిపెట్టే రకం కాదు. ఇలా తెలుగు చేశాడు:

'ఇది దొంగ నీలి. మిక్కిలి గట్టిది. ఒకమారు పాతినచో అనేక సంవత్సరములుండును. దీనిని సరిహద్దులలో పాతవలెను. పాతిన పిమ్మట కదిలించరాదు.'

సుంకప్ప ఆ కాగితాన్ని కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. సరిహద్దు అంటే అతనికి తెలిసింది ఒక్కటే. గింజలు పంచెకొంగున కట్టుకుని, మన్ను తవ్వే చలిక భుజాన వేసుకుని, నాలుగు మైళ్లు నడిచి మైసూరు రాష్ట్రపు హద్దురాయి దగ్గరికి పోయాడు. తీరా పోయాక, పాతేది రాయికి ఈ పక్కనా ఆ పక్కనా అన్న అనుమానం వచ్చింది. సర్కారు గింజలు ఇంకొక సర్కారు నేలలో వేసి లేనిపోని తంటా ఎందుకని వెనక్కి వచ్చాడు. మర్నాడు బస్సు దిగిన గురుమూర్తి ఆ సంగతి విని నెత్తి కొట్టుకుని, ఇంజనీరు ఇంగ్లీషులో రాసిన బార్డరంటే నడిచే బాటకు పక్కన పూలమొక్కలు వేసే మడి అని చెప్పి, ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పున గీత గీసి చూపించాడు. సుంకప్ప ఆ గీత చుట్టూ సున్నం కొట్టిన రాళ్లు పేర్చాడు.

ఆ వారమే ఇంజనీరు స్వయంగా వచ్చి మడి చూశాడు. ఈ మొక్క ఎంత గట్టిదో చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది.

"చలికి జంకదు సుంకప్పా. మోకాలి లోతు మంచు పడినా చావదు."

"మంచంటే ఎట్లుంటాది సార్?"

"నీళ్లు గడ్డకట్టి రాయైపోతాయి."

సుంకప్ప ఆవరణ అంతా ఒకసారి కలయజూశాడు. "ఈడ రాయి ఉండాది సార్. నీళ్లే ల్యావు."

ఇంజనీరు నవ్వాడు. ఆ నవ్వులోనే ఒక మాట ఇచ్చేశాడు. ఈ మొక్క మూడో ఏటికి గానీ పూయదు. తాను 1960 జూన్ ముప్పయ్యో తేదీన రిటైరవుతాడు. ఈలోగా పూస్తే, పూసిందని తన చేత్తో రాసి సుంకప్పను పర్మనెంటు చేసి పోతాడు. పూయకపోతే రాయడానికి కారణమేమీ ఉండదు.

ఆ రోజు నుంచి సుంకప్ప బతుకు పన్నెండు గింజల చుట్టూ తిరిగింది.

గింజల తోలు గులకరాళ్లంత గట్టి. ఇంజనీరు చెప్పినట్టే వాటిని ఉప్పుకాగితం మీద రుద్ది, ఉడుకునీళ్లు పోసి ఒక పూటంతా నానబెట్టి పాతాడు. మూడు మొలిచాయి. ఒకదాన్ని చెదలు తినేశాయి. ఒకదాని మీద ఏదో డిపార్టుమెంటు జీపు ఎక్కింది. మిగిలినదాన్ని ఊళ్లోంచి వచ్చిన మేక కొరికి, థూ అన్నట్టు ఉమ్మేసి, రెండడుగులు వెనక్కి తగ్గింది. మేక వద్దన్న ఆకును చూడటం ఆ ఊరికి అదే మొదలు. చూసిపోవడానికి పక్క ఊరి నుంచి కూడా మనుషులొచ్చారు.

సుంకప్ప భార్య తిమ్మక్కకు మాత్రం అదంటే మంట. బంగళా బావి ఎండిపోయినప్పుడల్లా మైలున్నర దూరం పోయి నీళ్లు మోసేది ఆమే.

"కట్టుకున్నదానికి రెండు బిందెలు, పాతుకున్నదానికి నాలుగు బిందెలు," అనేది. "దొంగముండ బాగనే మరిగింది."

చలిదేశాల్లో ఈ మొక్క చలికాలం రాగానే పైనంతా మాడి, వేరులో నిద్రపోయి, ఎండ కాయగానే లేస్తుందట. అనంతపురం జిల్లాలో దానికి చలి దొరకలేదు. కొన్నాళ్లు తికమకపడి, చివరికి ఎండాకాలంలో నిద్రపోవడం అలవాటు చేసుకుంది. మార్చి వచ్చేసరికి ఆకులు బొగ్గులా నల్లబడి రాలిపోయేవి. వాన పడేదాకా నేల మీద ఏమీ మిగిలేది కాదు. చుట్టూ తెల్లరాళ్లు, మధ్యలో బోడి నేల, తల దగ్గర బోర్డు. ప్రతి మొక్కకూ పేరు, తేదీ ఉండాలని ఇంజనీరు అంటే గురుమూర్తి రాయించిన బోర్డు అది.

'దొంగ నీలి. 12-7-1957న ఇచ్చట పాతబడినది. శాశ్వతము. కదిలించరాదు.'

రెండో ఎండాకాలంలో ఆ బోర్డు కింద ఒక నిమ్మకాయ కనిపించింది.

పెట్టింది రత్నమ్మ అనే కోమట్ల ఆవిడ. ఆమె ఇత్తడి చెంబు పోయింది. దొంగ సమాధికి మొక్కుకుంటే దొంగసొత్తు తిరిగొస్తుందని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. నాలుగు రోజుల్లో చెంబు వాళ్ల అటక మీదే దొరికింది. అంతే. పోయిన గొర్రెల కోసం, పోయిన చెప్పుల కోసం, ఎవరితోనో లేచిపోయిన మొగుడి కోసం జనం రావడం మొదలుపెట్టారు. అది సమాధి కాదు, మొక్క అని సుంకప్ప అందరికీ చెప్పాడు. మొక్క యాడుండాదప్పా అని వాళ్లు అడిగారు. లోపలుండాది అని అతను చెప్పాడు. అదే గదా మేము చెప్పేది అని వాళ్లు దండం పెట్టుకున్నారు. తిమ్మక్క ఆ నిమ్మకాయలన్నీ ఏరి ఊరగాయ పెట్టింది.

వచ్చినవాళ్లలో ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒక మనిషి సుంకప్పకు గుర్తుండిపోయింది. 1960 ఏప్రిల్‌లో వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. నోటినిండా తాంబూలం. మిగతావాళ్లలా మొక్కకుండా, బోర్డును ఆ కొస నుంచి ఈ కొస దాకా చదివి, రాళ్ల మీద కూర్చుంది.

"ఎట్లాంటిదప్పా ఈ నీలి?"

"శానా గట్టిదమ్మా," అన్నాడు సుంకప్ప. ఎవరైనా అడిగితే చాలు, అతనికి చెప్పాలనిపించేది. "మేక ముట్టదు, తెగులు రాదు. వేరు మనిషి లోతు పోతాది. ఎవురి దయా అక్కరల్యా."

"మంచిదేనా?"

"ఇంతకంటే మంచిదాన్ని నేను సూడలేదు."

 ఆమె కళ్లు తుడుచుకున్నట్టు అనిపించింది. తాను ఇప్పుడు మైసూరు వైపు సంతల్లో ఉంటున్నానని చెప్పి, పోతూ పోతూ సుంకప్ప చేతిలో ఒక తమలపాకు పెట్టింది. అతను దాన్ని నమిలేశాడు. మంచి ఆకు.

మే నెల మొదటి వారంలో మద్దిలేటి వచ్చాడు.

గుత్తి రైళ్లలోనూ, ఈ చుట్టుపక్కల సంతల్లోనూ జేబులు కోసే ఒక ఆడమనిషి ఉందనీ, ఆమెను దొంగ నీలి అంటారనీ సుంకప్పకు అప్పటిదాకా తెలియదు. ఊళ్లో చాలామందికి తెలుసు. బంగళాలో పడి ఉండే సుంకప్పకు ఎవరూ చెప్పలేదు. నీలి సగం బ్లేడుతో జేబు కోస్తుంది. కోసిన జేబులో ఒక తమలపాకు పెట్టి పోతుంది. మద్దిలేటి తొమ్మిదేళ్లుగా ఆమె వెనక తిరుగుతున్నాడు. ఇంతవరకూ మొహం చూడలేదు. ఇంట్లో భార్య కూడా అతన్ని ఆ పేరుతోనే దెప్పుతుంది. రెండేళ్లుగా ఈ వైపు ఒక్క జేబూ తెగలేదు. ఎందుకు తెగలేదో, బంగళా ముందు బోర్డు చూడగానే మద్దిలేటికి అర్థమైపోయింది.

అతను టోపీ తీసింది మొక్క కోసం కాదు.

"తొమ్మిదేండ్లు తిరిగినా," అన్నాడు. "నాకొక మాట చెప్పకుండా పాతిపెడతారా?"

పోలీసులకు కూడా చెప్పాలని గురుమూర్తి రాయలేదని సుంకప్ప వినయంగా మనవి చేశాడు. మద్దిలేటి కళ్లు తుడుచుకుని, టోపీ పెట్టుకుని, వెంట వచ్చిన కానిస్టేబులు పాపన్నను రాసుకోమన్నాడు.

"దొంగ నీలిని పాతిపెట్టింది ఎవురు?"

"నేనే సార్."

"ఒక్కడివేనా?"

"నా పెండ్లాము నీళ్లు తెచ్చింది."

"ప్రాణముతోనే పాతినావా?"

"ప్రాణం ల్యాకపోతే పాతేది ఎందుకు సార్?"

పాపన్న పెన్సిలు ఆగింది. రాయి అన్నట్టు మద్దిలేటి తల ఊపాడు.

"పాతకముందు ఏం చేసినావు?"

"తోలు పలచబడేదాకా ఉప్పుకాగితంతో రుద్దినా. ఆమైన ఉడుకునీళ్లలో ముంచి ఒక పూట పెట్టినా."

పాపన్న లేచి గోడవారకు పోయి కాసేపు నిలబడి వచ్చాడు.

"ఇట్లా చేయమని నీకు చెప్పిందెవురు?"

"ఇంజనీరు సారు. కాగితం గూడా ఉండాది."

ఆ కాగితం చేతికిచ్చి, నీలి అంటే ఎవరో పాపన్న నోట విన్నాక గానీ సుంకప్పకు తాను ఎక్కడ ఇరుక్కున్నాడో తెలియలేదు. మద్దిలేటి దాన్ని పైకి చదివాడు. 'మిక్కిలి గట్టిది' దగ్గర ఒకసారి, 'సరిహద్దులలో పాతవలెను' దగ్గర ఒకసారి ఆగి పళ్లు కొరికాడు. చదవడం అయ్యాక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. పైజేబులో కాదు. అక్కడ మామగారు పెండ్లికి పెట్టిన గొలుసు గడియారం ఉంటుంది.

అప్పుడు సుంకప్ప మొత్తం విప్పి చెప్పాడు. అది మొక్క అనీ, మనిషి కాదనీ, ఎండకు నిద్రపోయిందనీ, వాన పడితే లేస్తుందనీ ఒట్టు పెట్టి చెప్పాడు. మద్దిలేటి ఓపిగ్గా విన్నాడు. సరే, మొక్కే అయితే తవ్వి చూస్తే తెలిసిపోతుంది కదా అన్నాడు. మనిషైతే ఎముకలుంటాయి, మొక్కైతే వేరుంటుంది.

 వేరుకు గడ్డపార తగిలితే మొక్క చస్తుంది. ఇది మూడో ఏడు. జూన్ ముప్పైకి ఇంక ఎనిమిది వారాలు కూడా లేవు. ఇంజనీరు సారును అడగమని బతిమాలాడు. ఆయన జూన్ ఇరవై ఏడున ఆఖరి చూపుకు వస్తాడని చెప్పాడు. హత్య చేయించినవాడిని సాక్ష్యం అడగడం మా పద్ధతి కాదని మద్దిలేటి అన్నాడు. మర్నాడు పొద్దున కూలీలు వస్తారని చెప్పి, పాపన్నను కాపలా పెట్టి పోయాడు.

ఆ సాయంత్రం సుంకప్ప గోడకానుకుని కూర్చుని ఆలోచించాడు. నిజం చెబితే తవ్వుతారు. అబద్ధం చెబితే? అబద్ధం చెబితే ఇంకొక చోట తవ్వుతారు. మడికి ఎగువన నాలుగు గుంతలు తీస్తే వాననీళ్లు నిలిచి వేరుకు దిగుతాయని అతను మడి వేసిన నాటి నుంచి, అంటే మూడేళ్లుగా అనుకుంటున్నాడు. ఆ నేల తవ్వడానికి ఒంటరి మనిషి చాలడు. సర్కారు కూలీలనివ్వలేదు.

పొద్దున మద్దిలేటి ఎనిమిది మంది కూలీలతో దిగగానే సుంకప్ప ఎదురుపోయి చేతులు కట్టుకున్నాడు.

"తప్పు చెప్పినా సార్. ఆమెను బోర్డు కాడ పాతలేదు. అదిగో, ఆడ పాతినా."

వెనకనే బిందెతో వస్తున్న తిమ్మక్క బిందె దించింది.

"ఏమప్పా, మతి గిన పోయిందా నీకు? ఖూనీ చేసినోళ్లని పర్మనెంటు చేస్తారా?"

"ఇది టెంపరరీ ఖూనీనే. ఊరుకో," అన్నాడు సుంకప్ప గొంతు తగ్గించి.

మొదటి రోజు అతను చూపించిన చోట నడుము లోతు తవ్వారు. పగిలిన సోడాబుడ్డి దొరికింది. ఇంత లోతు కాదు, ఇంకొంచెం అని సుంకప్ప చెప్పాడు. తల లోతు అయ్యాక, ఇది కాదేమో, అప్పట్లో పొద్దు గూకింది, నాలుగు బారలు ఎడమ పక్కన కావచ్చు అన్నాడు. గుంత అంచులు వాలుగా ఉండాలనీ, మన్ను దిగువ పక్కకే పోయాలనీ కూడా చెప్పాడు. ఎందుకని పాపన్న అడిగితే, నేను పాతినప్పుడు అట్లనే పోసినా, చూస్తే గుర్తొస్తాది అన్నాడు. రెండో రోజుకు మూడు గుంతలయ్యాయి. ఒక గుర్రపు నాడా, ఒక దొర చెంచా దొరికాయి. మద్దిలేటి రెండింటినీ కాగితంలో చుట్టి సీలు వేశాడు.

సంగతి ఊళ్లు దాటింది. మూడో రోజుకు బంగళా ముందు జాతర తయారైంది. కొత్తచెరువు నుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కూడా ప్రయాణం ఆపుకుని నిలబడ్డారు. ఉడకేసిన శెనక్కాయలు, బొరుగులు, మిరపకాయ బజ్జీలు అమ్మకానికొచ్చాయి. జనం మద్దిలేటి భుజాల మీదికి వంగి మరీ గుంతలోకి చూశారు. శవం కనబడక విసుగెత్తి, బోర్డు కాడ తవ్వండప్పా అని వాళ్లే అరవడం మొదలుపెట్టారు.

నాలుగో గుంత కూడా ఖాళీ అని తేలాక మద్దిలేటికి సుంకప్ప ఎత్తు అర్థమైంది. అతని జబ్బ పట్టి తెల్లరాళ్ల దగ్గరికి లాక్కుపోయాడు. బోర్డు పీకించి పక్కన పడేయించాడు. కూలివాడు గడ్డపార ఎత్తాడు.

సుంకప్ప మడి మీద బోర్లా పడుకున్నాడు. పద్నాలుగేళ్లుగా ఒక్క పైఅధికారికీ ఎదురు చెప్పని మనిషి, నన్ను దాటి తవ్వుకోండి సార్ అన్నాడు. పాపన్న కాళ్లు పట్టి లాగాడు. తిమ్మక్క వచ్చి చేతులు పట్టుకుంది. లాగడానికి కాదు, ఆపడానికి. నాలుగు బిందెల నీళ్లు మూడేళ్లు మోసింది నేను, దీన్ని తవ్వాలంటే నన్ను అడగాల అన్నది.

"అన్నీ పంచనామాలో రాయి," అన్నాడు మద్దిలేటి పాపన్నతో. "తేదీ రాయి. తవ్వకం మొదలుపెట్టిన టైము రాయి. టైము వచ్చి..."

పైజేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి జేబు అడుగు నుంచి బయటికి వచ్చింది.

జేబు కింద సన్నగా, తిన్నగా, గీత గీసినట్టు తెగి ఉంది. గడియారం లేదు. మద్దిలేటి వేళ్ల మధ్య పచ్చగా ఒక తమలపాకు ఉంది.

 కూలివాడు గడ్డపార దించేశాడు. మడి మీద పడుకున్న సుంకప్ప తల ఎత్తి చూశాడు.

"సార్," అన్నాడు. "నీలి ఈడ కింద ఉంటే, మీ గడియారం ఎత్తుకొనిపోయింది ఎవురు?"

మద్దిలేటి ఆకును చూశాడు. మడిని చూశాడు. చుట్టూ ఉన్న మూడు నాలుగు వందల మొహాలను చూశాడు. అతని మొహంలో కోపం లేదు. మూడు రోజులుగా లేని రక్తం మళ్లీ బుగ్గల్లోకి వచ్చింది.

"బతికే ఉండాది," అన్నాడు మెల్లగా.

ఆ వెంటనే అరుచుకుంటూ రోడ్డు మీదికి పరుగెత్తాడు. పాపన్న అతని వెనక, జనం పాపన్న వెనక పరుగెత్తారు. సుంకప్ప లేచి మట్టి దులుపుకుంటూ దూరంగా మైసూరు వైపు పోయే బస్సు కిటికీలో ఒక ఆకుపచ్చ కొంగు చూశాడు. తాను నమిలిన ఆకు రుచి అప్పుడు గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. బోర్డు తెచ్చి మళ్లీ పాతాడు.

ఆ వారంలోనే ఒక గట్టి వాన పడింది. పోలీసు శాఖ తవ్వించిన నాలుగు గుంతలూ నిండి, నీళ్లు మెల్లగా దిగువకు దిగాయి. పదో రోజున తెల్లరాళ్ల మధ్య నేల పగిలి, బూడిద నీలం రంగు మొలక ఒకటి చూపుడువేలులా పైకి లేచింది. అది మునుపటి ఏళ్ల మొలకల్లా కాదు. రోజుకు అంగుళం చొప్పున ఎదిగింది. జూన్ ఇరవై నాలుగున దాని నెత్తిన జానెడు కంకి విచ్చుకుంది. అది ఆకాశపు నీలమూ కాదు, సిరా నీలమూ కాదు. తిమ్మక్క నీళ్ల బిందె చంకనుండగానే పావుగంట దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"నాలుగు బిందెలకు సరిపోయిందిలే," అన్నది చివరికి.

ఇంజనీరు రావడానికి మూడు రోజులుంది. సుంకప్ప మడి పక్కనే తిన్నాడు, మడి పక్కనే పడుకున్నాడు. ఇరవై ఆరో తేదీ పొద్దున మొహం కడుక్కోవడానికి బావి దాకా పోయి వచ్చాడు. అంతసేపే.

కంకి లేదు. కాడ సన్నగా, తిన్నగా తెగి ఉంది. తెగిన చోట ఒక తమలపాకు గుచ్చి ఉంది.

సుంకప్ప అక్కడే కూలబడ్డాడు. ఆమె దాన్ని తన పువ్వే అనుకుని ఉంటుందని అతనికి తెలుసు. బోర్డు మీద ఆమె పేరే ఉంది. ఆమెను ఎంత మెచ్చుకోవచ్చో అంతా తానే మెచ్చుకున్నాడు. కానీ రేపు ఇంజనీరు వస్తాడు. పువ్వు పూసిందంటే ఎక్కడ అంటాడు. లోపలుందని చెప్పడానికి ఈసారి వీల్లేదు.

పది నిమిషాల తర్వాత అతను తమలపాకును అరచేతిలో పెట్టుకుని పోలీసు స్టేషను వైపు పరుగెత్తాడు.

మద్దిలేటి మొదట వినిపించుకోలేదు. పువ్వు పోతే కేసేమిటని కసిరాడు. సుంకప్ప అరచెయ్యి విప్పాడు. మద్దిలేటి కుర్చీలోంచి లేచాడు. తానే కలం తీసి, తానే రాశాడు. రాసేటప్పుడు పోయిన వస్తువు పేరు ఏమిటని అడిగాడు.

"దొంగ నీలి," అన్నాడు సుంకప్ప.

"దొంగ పేరు కాదప్పా. పోయినదాని పేరు."

"అదే సార్. రెండూ అదే."

మద్దిలేటి కలం సిరాలో ముంచి, ఉన్నది ఉన్నట్టు రాశాడు.

మర్నాడు రామకృష్ణయ్య జీపు దిగి నేరుగా మడి దగ్గరికి నడిచాడు. కాడను చూశాడు, ఆకులను చూశాడు, సుంకప్ప మొహం చూశాడు. అతను పోలీసు రిపోర్టు నకలు ఆయన చేతికిచ్చాడు. ఇంజనీరు కళ్లజోడు పెట్టుకుని చదివాడు.

'1960 జూన్ 26న ఉదయం ఆరున్నర ప్రాంతమున సర్కారు బంగళా ఆవరణలో పూచియున్న దొంగ నీలి పువ్వు, నీలము రంగు, జానెడు పొడవు, ఒకటి, దొంగ నీలి అను పాత నేరస్తురాలిచే కోయబడి అపహరింపబడినది.'

ఆయన 'పూచియున్న' అన్న మాట మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. మూడేళ్లు ఎదురుచూసిన పువ్వు. ఆయన కళ్లతో చూసే రాత లేకపోయింది.

"బాగుండిందా?" అని అడిగాడు.

సుంకప్ప తిమ్మక్క వైపు చూశాడు. తిమ్మక్క చెప్పింది. ఆకాశమూ కాదు, సిరా కూడా కాదు సార్, కొత్త నీలం చీర మొదటిసారి ఉతికినప్పుడు తొట్టిలో మిగిలే నీళ్లు ఉంటాయే, ఆ రంగు.

ఇంజనీరు తల ఊపాడు. పూసిందని పోలీసు రికార్డులో ఉన్నాక, పూయలేదనడానికి నేనెవరిని అన్నాడు. జీపు బానెట్టు మీద కాగితం పెట్టి అక్కడే రాసి సంతకం చేశాడు. జూలై మొదటి వారంలో గురుమూర్తి టైపు చేసిన ఆర్డరు వచ్చింది. సుంకప్ప కూడబలుక్కుని చదివి, ఒక్కొక్క మాటా తిమ్మక్కకు వినిపించాడు.

"అన్నీ సరే గానీ, పర్మనెంటు అంటే ఏమప్పా?" అని ఆమె అడిగింది.

"ఒగసారి పాతినాక పెరికేకి ల్యాదు."

తిమ్మక్క ఖాళీ బిందె తెచ్చి అతని ముందు పెట్టింది.

"అట్లయితే ఈపొద్దు నుంచి నీ నీళ్లు నువ్వే తెచ్చుకో. గట్టివాటికి ఎవురి దయా అక్కరల్యా అంటాంటివి గదా."